నిత్యానుభవమే గురువు: దేశోద్ధారక నాగేశ్వరరావు పంతులుగారి జీవితము

తలనొప్పి ఎరుగనివాడు లోకమున లేడు. చక్రవర్తికిని వచ్చును, కూలివానికిని వచ్చును. తరతరాలుగా మన పెద్దలు శొంఠి అరగదీసి నుదుట పట్టువేసికొని, చీకటిగదిలో కన్నులు మూసికొని పడుకొని, ఆ బాధను గడపుచుండిరి. దానిని గూర్చి ఆలోచింపవలసినది ఏదియో కలదని ఎవరికిని తోచలేదు. అట్టి సామాన్యమైన బాధయందొక వృత్తిని, ఆ వృత్తియందొక భాషాసేవను, ఆ భాషాసేవయందొక జాతి మేల్కొల్పును దర్శింపగలిగిన మహనీయులు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు.

పంతులుగారి పేరు వినగానే మనకు దేశోద్ధారకులు, పత్రికాధిపతులు, దాతలు స్ఫురింతురు. వర్తకులుగా వారిని తలచుకొనువారు తక్కువ. కాని వారి దానమునకును, దేశసేవకును ఆధారమైనది వర్తకమే. ఆ వర్తకమును వారు ఏ గ్రంథమునందును చదివి నేర్చుకొనలేదు. కన్నులెదుట నిత్యము జరుగుచున్నదానిని శ్రద్ధతో చూచి నేర్చుకొనిరి. ఉద్యోగధర్మమున స్వస్థలము విడిచి పరప్రాంతములందు కాపురముండు మనవంటి తెలుగువారికి వారి జీవితము మఱింత సన్నిహితమైనది. ఏలయన, వారి కీర్తిసౌధమునకు పునాది పడినది తెలుగునేలపై గాదు. ఎంతో దూరమున నున్న బొంబాయి నగరమున.

పంతులుగారు 1867వ సంవత్సరము మే 1వ తేదీన కృష్ణాజిల్లాలోని పామర్రు ప్రాంతమునకు చెందిన ఎలకుర్రు గ్రామమున జన్మించిరి. తల్లి శ్యామలాంబగారు, తండ్రి బుచ్చయ్యగారు. స్వగ్రామమునను, బందరునను తొలి చదువులు ముగించి, మదరాసు క్రైస్తవ కళాశాలయందు చేరి, 1891లో పట్టభద్రులైరి. ఆ కాలమున ఆ కళాశాలకు విలియం మిల్లరు దొరగారు ప్రధానాచార్యులు. విద్యార్థులయందు స్వతంత్రబుద్ధిని, లోకహితాభిలాషను పెంపొందించుటలో ఆయన ప్రసిద్ధుడు. మఱియొక వంక వీరేశలింగం పంతులుగారి వివేకవర్ధని వ్రాతలు ఆ యువకుని మనస్సుపై గాఢముద్ర వేసినవి. పత్రికయనునది వార్తలు మోయు కాగితము మాత్రమే గాదు, సంఘమును కదలించు సాధనమని వారు గ్రహించినది అప్పుడే కావచ్చును.

1891 నాటికి తెలుగుదేశమున పట్టభద్రులు వ్రేళ్లపై లెక్కింపదగినంతమంది. పట్టము చేతికి వచ్చిన యువకునికి తాలూకా కచ్చేరియో, న్యాయస్థానమో, పాఠశాలయో ద్వారములు తెఱచుకొని యుండెడివి. బంధువర్గమున గౌరవము, నెలనెల జీతము, పిదప పింఛను. ఇంతకంటె వలసినదేమని ఆనాటి గృహస్థుల భావము. వర్తకము వేఱొక కులమువారి పనియనియు, చదువుకొన్నవాడు తక్కెడ పట్టుట చిన్నతనమనియు ఎంచు కాలమది. పంతులుగారు ఆ సుఖమార్గమున నడువలేదు. ఉద్యోగము నీచమని వారు తలచినట్లు ఎచ్చటను కానరాదు. తమకు తోచిన పనిని తమ బాధ్యతపై చేసి చూడవలెనను పట్టుదలయే వారిని ఆ దారికి మరల్చినది. ఆ నిర్ణయమునకు వెల లేకపోలేదు. చేతనున్న నిశ్చయమును విడిచి, చేతికందునో అందదో తెలియని దానికై బయలుదేరుట గృహస్థునకు తేలిక కాదు.

మదరాసున కొలదికాలము వ్యాపారము చేసిరి, అది నిలువలేదు. కలకత్తాకు పోయి ఔషధ వ్యాపారపు మెలకువలు తెలిసికొనిరి. పిదప బొంబాయి చేరి ఒక వర్తక సంస్థలో పనిచేసిరి. ఈ సంవత్సరములను పైపైన చూచువారికి అవి ఊరూర తిరిగి వ్యర్థముచేసిన దినములుగా కనబడును. నిజమునకు అవియే వారి పాఠశాల. సరకు ఎచ్చటనుండి వచ్చుచున్నది, ఎవరు కొనుచున్నారు, ఒకసారి కొన్నవాడు మరల ఏల వచ్చుచున్నాడు, ఏల రాకుండుచున్నాడు అను విషయములు అంగడిలో నిలిచి చూచినవానికే తెలియును. మదరాసులోని నష్టము సయితము వారికి రుసుము చెల్లించి నేర్చుకొన్న పాఠమైనది.

1893లో, తమ ఇరువదియాఱవ ఏట, బొంబాయిలో వారు అమృతాంజనమును వెలువరించిరి. ఆ కాలమున అంగళ్లలో మందులకు కొఱత లేదు. విదేశములనుండి దిగుమతియైన సీసాలు అలమరలనిండ నుండెడివి. ఐనను పంతులుగారు ఎన్నుకొన్నది మహావ్యాధికి మందు గాదు. క్షయకో, కుష్ఠుకో సిద్ధౌషధము కనుగొంటిమని చాటువారు ఆనాడు ఎందరో యుండిరి. వారి పేరులు నేడు ఎవరికిని తెలియవు. పంతులుగారు తలనొప్పిని, పడిశమును, కీళ్లనొప్పులను, బెణుకులను ఎన్నుకొనిరి. ఇవి ప్రాణము తీయవు, కాని పనిచేయనీయవు. వీనికై వైద్యునివద్దకు పోవుటకు తీరిక చాలదు. పోకుండుటకు ఓపిక చాలదు. వైద్యునికిని, ఓర్పునకును నడుమ మిగిలియున్న ఆ చిన్న సందును చూచుటయే వారి వ్యాపారదృష్టికి మొదటి నిదర్శనము. అరుదైన బాధకు మందు చేయువాడు రోగికై వెదకవలెను. నిత్యమైన బాధకు మందు చేయువానిని రోగియే వెదకికొని వచ్చును.

ఇట్టి లేపనముల పనితీరునందును ఒక పాఠము కలదు. పుదీనా పువ్వు, కర్పూరము, నీలగిరి తైలము, గంధపుర తైలము మొదలైనవి మనదేశపు లేపనములందు వాడుకలో నున్న ద్రవ్యములు. పుదీనా పువ్వు చర్మమునందు చలువను తెలుపు నాడులను ప్రేరేపించును. అందువలన చర్మపు వేడి నిజముగ తగ్గకున్నను చల్లదనము తోచి, నొప్పిపైనున్న మనస్సు మరలును. గంధపుర తైలము వెచ్చదనమును కలిగించి కండరముల నొప్పిని ఉపశమింపజేయును. ఫలము కొలది నిమిషములలో రోగికే తెలియును. వైద్యుడు చెప్పవలసిన పనిలేదు. ప్రకటన నమ్మవలసిన పనిలేదు. తన నుదురే సాక్షి. చిన్న సీసాలో ఇముడును, త్వరగా చెడదు, రైలులో పోవును, తపాలాలో పోవును, పల్లెయందలి ముసలమ్మ కొంగుముడిలోనైనను దాగును. సరకు ఎంత మంచిదైనను, చేరవలసిన చోటికి చేరలేనిచో అది సరకు కాదను సత్యమును ఆ చిన్న సీసా తెలుపుచున్నది.

ఆ సరకును జనులకు పరిచయము చేసిన విధము నేటికిని కథగా చెప్పుకొనబడుచున్నది. సంగీతసభలకు వచ్చినవారికి పంతులుగారు అమృతాంజనమును ఉచితముగ పంచిపెట్టెడివారు. ఈ ఉపాయపు సొగసును కొంచెము నిదానించి చూడవలెను. ఆనాటి కచ్చేరీ రెండు గడియలలో ముగియునది గాదు. గంటలకొలది కిక్కిరిసిన జనము నడుమ, దీపముల వేడిలో, రాత్రి ప్రొద్దుపోవువఱకు కూర్చుండవలెను. పాట ఎంత మధురమైనను మెడ పట్టును, కణతలు బరువెక్కును. సరిగ ఆ సమయమున, ఆ చోట, అడుగకయే చేతికి మందు వచ్చినచో దాని గుణమును ఎవడు మఱచును? మఱియు సభకు వచ్చువారు ఊరిలో నలుగురితో మాటలాడు రసికులు. ఇంటికి పోయి ఇరుగుపొరుగువారికి చెప్పువారు. బాధ ఎచ్చట పుట్టునో అచ్చటనే ఉపశమనమును నిలుపుట, సరకును గూర్చి మనము చెప్పుటకు మాఱు వాడినవానిచేతనే చెప్పించుట అను రెండు సూత్రములు ఇందు ఇమిడియున్నవి. ఈనాటి వర్తకశాస్త్ర గ్రంథములు వీనికి పెద్ద పేరులు పెట్టినవి. పంతులుగారికి అవి సభామందిరమున కూర్చున్న ఒక సాయంకాలపు పరిశీలన మాత్రమే.

పేరునందును వారి వివేకము కనబడును. అమృతము, అంజనము అను రెండు మాటలును భారతదేశమున ఏ భాషవానికైనను కొంత అర్థమగును. మందు కొనువాడు పేరు పలుకుటకు తడబడినచో అంగడిలో వ్రేలితో చూపవలెను. చూపుటకు సిగ్గుపడినచో కొనకయే పోవును. బొంబాయి గుజరాతీకిని, మదరాసు తమిళునికిని, బెజవాడ తెలుగువానికిని ఒక్కవిధముగ నోట పలుకు పేరది. స్వదేశపు పేరుతో, స్వదేశీయుని చేతితో తయారైన సరకు విదేశపు సరకునకు దీటుగ నిలువగలదని స్వదేశోద్యమమునకు పండ్రెండేండ్లు ముందుగనే ఆ సీసా ఋజువుచేసినది. కొలది సంవత్సరములలో పంతులుగారు ధనవంతులైరి.

ఇచ్చటనే సామాన్యవర్తకుల కథ ముగియును. పంతులుగారి కథ ఆరంభమగును.

బొంబాయిలో తెలుగువారు తక్కువమంది గారు. ఆ నగరపు కట్టడములలోను, బట్టలమిల్లులలోను చెమటోడ్చిన తెలుగు కూలీలు ఎందరో కలరు. కామాఠిపురమను పేట ఆ కామాఠీలైన తెలుగు శ్రామికుల పేరనే వెలసినది. గుజరాతీలకు గుజరాతీ పత్రికలుండెను; మరాఠీలకు మరాఠీ పత్రికలుండెను. తెలుగువానికి తన భాషలో తన వార్త చెప్పు పత్రిక ఆ నగరమున లేదు. 1907లో సూరతున జరిగిన కాంగ్రెసు మహాసభకు పంతులుగారు వెళ్లిరి. అతివాదులు, మితవాదులు చీలిపోయిన ఆ సభనుండి తిరిగివచ్చిన వారి మనస్సున, దేశమంతయు ఉడికిపోవుచుండగా తెలుగుజనమునకు ఆ వేడి అందించు సాధనమేది అను ప్రశ్న నిలిచిపోయినది. తెలుగునేలపై 1902నుండి కృష్ణాపత్రిక వంటివి సేవ చేయుచున్నవి. కాని విశాలమైన తెలుగుదేశమునకు అవి చాలవు. 1908లో వారు బొంబాయినుండి ఆంధ్రపత్రికను వారపత్రికగ వెలువరించిరి.

తెలుగుగడ్డకు అంత దూరమున తెలుగుపత్రిక నడపుట సాహసమని వేఱుగ చెప్పనక్కఱలేదు. తెలుగు అచ్చుకూర్చువారు దొరకుట కష్టము. వార్త వచ్చుట ఆలస్యము. పత్రిక చేరుట ఆలస్యము. అమృతాంజనపు సీసాలో కనుగొన్న సూత్రమునే పంతులుగారు ఇచ్చటను అనుసరించిరనిపించును. తలనొప్పి వలె, వార్తకై ఆకలియు సర్వసామాన్యమైనది. దానికి మందు చేయువాడు లేకపోవుటచే అది కనబడుట లేదు. ఐతే ఒక భేదము కలదు. సీసా అమ్మినచో లాభము వచ్చును; పత్రిక అమ్మినచో రాకపోవచ్చును. ఆ సంగతి వర్తకులైన పంతులుగారికి తెలియనిది గాదు. తెలిసియే వారు అంజనపు ఆదాయమును పత్రికకు అండగ నిలిపిరి. లెక్కలు తెలియనివాడు నష్టపడుట వేఱు. లెక్కలన్నియు తెలిసినవాడు ఎచ్చట లాభము గడింపవలెనో, ఎచ్చట దానిని వ్యయింపవలెనో నిర్ణయించుకొనుట వేఱు.

1914 ఏప్రిలు 1వ తేదీన ఆంధ్రపత్రిక మదరాసునుండి దినపత్రికగ వెలువడెను. నాలుగు నెలలు గడవకమునుపే ఐరోపాలో మహాయుద్ధము చెలరేగినది. తెలుగుపల్లెలనుండి ఎందరో యువకులు సైన్యమునకు పోయిరి. ధాన్యపు ధర, నూలు ధర, కిరసనాయిలు ధర యుద్ధరంగమును బట్టి మాఱుచుండెను. అంతవఱకు వారమునకొకసారి వార్త చాలునన్న గృహస్థునకు నేటి వార్త నేడే కావలసివచ్చినది. రచ్చబండపై ఒకరు చదువుచుండ పదిమంది వినుట ఆంధ్రగ్రామములందు అలవాటైనది. యుద్ధము వచ్చునని పంతులుగారు ముందుగ ఎరిగియుండిరని చెప్పలేము. కాని అవసరము వచ్చిననాడు సిద్ధముగ నుండుటకు, అవసరము రాకమునుపే పని ప్రారంభించియుండవలెను. అదృష్టమని లోకులు పిలుచునది పెక్కుసార్లు ఇట్టి ముందుచూపునకే మాఱుపేరు.

పండుగ సయితము వారికొక పాఠము చెప్పినది. ఉగాదినాడు తెలుగింట క్రొత్తబట్ట, క్రొత్త పంచాంగము, వేపపూతపచ్చడి ఉండవలెను. ఆ పంచాంగము ప్రక్కన ఒక మంచి పుస్తకము ఏల ఉండరాదు? 1910నుండి వెలువడిన ఆంధ్రపత్రిక సంవత్సరాది సంచికలు చరిత్ర, శిల్పము, సాహిత్యము, విజ్ఞానశాస్త్రము మొదలైన విషయములపై పండితుల వ్యాసములతో, చిత్రములతో నిండి, తెలుగిండ్లలో భద్రముగ దాచుకొనబడినవి. 1924లో వారు ప్రారంభించిన భారతి మాసపత్రిక దాదాపు ఏడు దశాబ్దములపాటు తెలుగు సాహిత్యమునకు నిలువెత్తు వేదికయైనది. 1926లో ఆంధ్రగ్రంథమాలను స్థాపించి ప్రాచీన, ఆధునిక గ్రంథములను సామాన్యులకు అందుబాటైన వెలకు ప్రకటించిరి. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు 1923లో అస్తమించుటచే ఆగిపోయిన విజ్ఞానసర్వస్వపు పనిని మరల చేపట్టి సాగించిరి. గ్రంథాలయోద్యమమునకు ధనమును, గ్రంథములను, తమ కాలమును ఇచ్చిరి.

దానవిషయమున వారి హస్తము ఎముకలేని హస్తము. విద్యార్థికి రుసుము, కవికి ముద్రణవ్యయము, గ్రంథాలయమునకు పుస్తకములు. అడిగినవానికి లేదనుట వారు ఎరుగరు. తెలుగుజనులు వారిని దేశోద్ధారకులని, విశ్వదాతయని పిలిచికొనిరి. 1935లో ఆంధ్రవిశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదముతో సత్కరించినది. 1920వ దశకమున ఆంధ్రరాష్ట్ర కాంగ్రెసు సంఘమునకు అధ్యక్షులుగ నుండిరి. ఉప్పు సత్యాగ్రహోద్యమమున చెరసాలకు పోయి, అచ్చట ఊరకుండక భగవద్గీతకు వ్యాఖ్య వ్రాసికొనిరి. వర్తకుడు సర్కారుతో విరోధము పెట్టుకొనుట ఎంతటి ప్రమాదమో మనకు తెలియనిది గాదు. పత్రికను మూయింపవచ్చును, వ్యాపారమును ఇబ్బందిపెట్టవచ్చును, కూడబెట్టినది ఒక్క ఉత్తరువుతో పోవచ్చును. అరువదియేండ్లు దాటిన వయస్సున, పోగొట్టుకొనుటకు ఎంతో కలిగియుండియు, వారు వెనుకాడలేదు.

వారి వ్యవహారజ్ఞానమునకు తుది నిదర్శనము 1937 నవంబరు 16వ తేదీన మదరాసులోని వారి నివాసమైన శ్రీబాగునందు కుదిరిన ఒడంబడిక. ఆంధ్రరాష్ట్రము కావలెనని సర్కారుజిల్లాలవారు కోరుచుండిరి. అధికసంఖ్యాకుల నీడలో తమ కఱవుసీమ మఱుగుపడునేమోయని రాయలసీమవారు శంకించుచుండిరి. ఆ శంక అకారణమైనది గాదు. కొండా వెంకటప్పయ్యగారు, కడప కోటిరెడ్డిగారు మొదలైన ఇరుప్రాంతముల పెద్దలు ఆ ఇంట కూర్చుండి మాటలాడుకొనిరి. నదీజలములలో రాయలసీమ అవసరములకు ప్రాధాన్యము, విశ్వవిద్యాలయమునకు రెండు కేంద్రములు, రాజధాని, ఉన్నతన్యాయస్థానము అను రెంటిలో ఒకదానిని ముందుగ కోరుకొను హక్కు రాయలసీమకు అను షరతులు అందు చేరినవి. భాగస్థులలో బలహీనుడైనవానికి ముందుగ ఎన్నుకొను హక్కునిచ్చినచోనే పొత్తు నిలుచునను సత్యము అన్నదమ్ముల పంపకములు చూచిన ప్రతి పల్లెటూరివానికిని తెలిసినదే. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము కర్నూలు రాజధానిగ అవతరించినప్పుడు ఆ ఒడంబడిక నీడ దానిపై పడినది. అందలి షరతులన్నియు నెరవేఱినవా యను ప్రశ్న మాత్రము ఆ పిదపను రాయలసీమయందు వినబడుచునే యుండెను.

పంతులుగారు ఆ రాష్ట్రమును చూడలేదు. ఒడంబడిక కుదిరిన అయిదునెలలలోపుననే, 1938 ఏప్రిలు 11వ తేదీన, తమ డెబ్బదియొకటవ ఏట వారు పరమపదించిరి. అంతకు రెండేండ్లు ముందే, 1936లో, అమృతాంజన సంస్థ పరిమిత బాధ్యతగల కంపెనీగ మాఱియుండెను. ఒక్క మనుష్యుని ఆయువుపై ఆధారపడిన పని ఆ మనుష్యునితోనే పోవును. పదిమంది భాగస్థులుగ నియమబద్ధమైన పని నిలుచును. వారి యల్లుడు శివలెంక శంభుప్రసాదుగారు ఆ పత్రికాభారమును, వ్యాపారభారమును వహించిరి.

నేడు వెనుకకు తిరిగి చూచినచో ఒక విచిత్రము కనబడును. ఆంధ్రపత్రికయు, భారతియు 1991వ సంవత్సరపు ప్రాంతమున ఆగిపోయినవి. అమృతాంజనము మాత్రము నూటముప్పది యేండ్లు దాటియు అంగళ్లలో నున్నది. ఏ పనికై ధనము గడించిరో ఆ పని కాలగర్భమున కలిసినది. గడించుటకు సాధనమైనది మిగిలినది. వర్తకమే గెలిచి, ఆశయము ఓడినదని కొందఱనవచ్చును. కాని ఆ తీర్పు సరియైనది గాదు. ఆంధ్రపత్రిక చదివి దేశభక్తి నేర్చినవారు స్వరాజ్యమును చూచిరి. భారతిలో తొలిరచన అచ్చువేయించుకొన్న యువకులు ఆ పిదప తెలుగు సాహిత్యమునకు స్తంభములైరి. ఆ గ్రంథములు నేటికిని గ్రంథాలయముల బీరువాలలో నున్నవి. సీసాయందు మందు అయిపోయినను, నుదురు చల్లబడుట నిజమే కదా!

మనలో పెక్కుమంది వర్తకులము గాము. పొద్దున కార్యాలయమునకు పోయి, సాయంకాలము ఇల్లు చేరి, నెలజీతముతో సంసారము నడపుకొనువారము. పంతులుగారు విడిచిన దారియే మనము నడుచుచున్న దారి. ఐనను వారి జీవితము మనకు పరాయిది గాదు. ప్రతిదినము మన బల్లయొద్దకు వచ్చు మనుష్యుడు ఏదో చిన్న తలనొప్పితోనే వచ్చుచున్నాడు. ఏ కాగితము దొరకక అతడు మూడుసార్లు తిరుగుచున్నాడు, ఏ మాట అర్థముగాక వెనుకకు పోవుచున్నాడు అని ఒక్క నిమిషము నిదానించి చూచినచో, పంతులుగారు కచ్చేరీ సభలో చూచినదానినే మనమును చూడగలము. వారికి ఆ చూపు సంపదనిచ్చినది. ఆ సంపదను వారు తెలుగువారికి తిరిగియిచ్చివేసిరి.

మదరాసు మైలాపూరునందు వారి పేర ఒక ఉద్యానము కలదు. ఉదయమున పెద్దలు నడకకు, సాయంకాలమున పిల్లలు ఆటలకు అచ్చటికి వత్తురు. ఆ నగరమునకు వెళ్లిన మన కుటుంబములవారు ఒకమాఱు అచ్చటికి పోయి, ఆ చెట్లనీడన కొంతసేపు కూర్చుండి, పిల్లలకు ఈ కథ చెప్పినచో, అది వారికి మనము చేయదగిన స్మరణ.